మబ్బుల కొండ మీద పాలబండి

డిసెంబరు రెండో గురువారం, తెల్లవారుజామున నాలుగు గంటల నలభై నిమిషాలు. హైదరాబాదు పాతబస్తీ ఛత్రినాకలో గాలి లేదు. చలి పదిహేను డిగ్రీలని ఫోను చూపిస్తోంది. వీధి దీపాల చుట్టూ పలుచని పొగమంచు గుండ్రంగా నిలిచి ఉంది. రాజమణి ఇంటి తలుపు మూసి తాళం వేసింది. తాళం కొత్తది, మొన్ననే కొన్నది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ ఇంటికి బయటినుంచి తాళం వేయవలసిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు, ఎందుకంటే ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ ఉండేవారు. ఎవరో ఒకరు ఉండవలసి రావడానికి కారణం గేదెలు.

గేదెకు సెలవంటే ఏమిటో తెలియదు. తెల్లవారకముందు ఒకసారి, పొద్దు వాలకముందు మరొకసారి పాలు పితికి తీరాలి. అందువల్ల పెళ్లికి బాలనర్సింహ వెళితే రాజమణి ఇంట్లో ఉండేది. చావుకు రాజమణి వెళితే బాలనర్సింహ ఉండేవాడు. భార్యాభర్తలిద్దరూ కలిసి ఊరు దాటి ఒక్క రాత్రి గడిపింది లేదు. కూతురు రశ్మికి దగ్గరి జహనుమా బస్తీ సంబంధం ఖాయం చేసినప్పుడు కూడా, పిల్లవాడి ఉద్యోగం సంగతి అడగడానికి ముందు, పెళ్లి జరిగే హాలు నుంచి సాయంత్రం పాల వేళకు ఇంటికి చేరగలమా లేదా అన్నది లెక్క చూసుకున్నారు.

ఆ సంవత్సరం బాలనర్సింహ మోకాళ్లు మొరాయించాయి. శివార్లలో పెద్ద కొట్టం ఉన్న అన్న సోమయ్య గేదెలను కొని తోలుకుపోయాడు. పాలబండి అని పిలిచే వ్యానును కూడా సోమవారం నాడు తీసుకుపోతానన్నాడు. గేదెలు వెళ్లిపోయి బండి ఇంకా వెళ్లని ఆ కొద్ది రోజుల వ్యవధిలో రశ్మి తల్లికి ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎవరో విదేశీ దంపతులు, బండినే ఇల్లుగా మార్చుకుని, కుక్కను వెంటబెట్టుకుని కొండల్లో తిరుగుతున్నారు. వాళ్లు స్నానం ఎక్కడ చేస్తారు, కుక్క ఎక్కడ పడుకుంటుంది, ఇంటి దగ్గర పశువులను ఎవరు చూస్తారు అని రాజమణి వరుసగా ప్రశ్నలు వేసింది.  జవాబులకు బదులుగా రశ్మి రెండో వీడియో చూపించింది. పాడేరు వైపు ఒక కొండ ఉంది, తెల్లవారుజామున అక్కడ నిలబడితే మబ్బులు కాళ్ల కింద కనిపిస్తాయి.

రాజమణి ఆ వీడియోను పదేపదే చూసింది. అయినా ఆమెకు కావలసినది అందులో దొరకలేదు. మబ్బును కింది నుంచి పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. పై నుంచి చూస్తే అది నిలిచి ఉంటుందా, పారుతుందా? చెయ్యి పెడితే తడి అవుతుందా? వీడియోలో ఎవరిదో పాట పెట్టారు, కొద్దిసేపటికే అయిపోయింది. భర్తను అడిగితే ఆయన తడుముకోకుండా చెప్పాడు.

"మరిగిన పాల లెక్కుంటది. పొంగుతది, దిగుతది. గంతే."

కొండ మీద పుట్టి పెరిగినవాడిలా చెప్పాడు కాని, బాలనర్సింహ జన్మలో ఫలక్‌నుమా గుట్ట కంటే ఎత్తైనది ఎక్కలేదని రాజమణికి తెలుసు. అందువల్ల ఆమె తానే స్వయంగా చూడాలని నిర్ణయించుకుంది. బండి చేతిలో ఉన్నది సోమవారం దాకానే. పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. మధ్యలో మిగిలేది శనివారం తెల్లవారుజాము ఒక్కటే. అది తప్పితే మళ్లీ ఇలాంటి అవకాశం వస్తుందని ఆమె అనుకోలేదు. గేదెలు పోయినా ఇంట్లో పనులు పోవు.

బండిని ఇల్లుగా మార్చడం ఒక్క రోజులో అయిపోయింది. వెనక క్యాన్లు పెట్టే చోట బల్ల వేసి పరుపు పరిచారు. రాజమణి పాత చీర కిటికీకి తెర అయింది. చిన్న గ్యాసు పొయ్యి ఒక మూల. తాగే నీళ్లకు వేరే పాత్ర కొనడం దేనికని రెండు పాల క్యాన్లనే కడిగి నీళ్లు నింపారు. లీటరు కొలత తన కొక్కేనికి అలాగే వేలాడుతోంది. తీసేస్తే దాన్ని ఎక్కడ పెట్టాలో బాలనర్సింహకు తోచలేదు. బండికి రెండు పక్కలా పెద్ద గేదె బొమ్మ, దాని కింద 'బాలనర్సింహ పాల కేంద్రం' అన్న అక్షరాలు ఉన్నాయి. వాటి మీద సున్నమన్నా పూయమని రాజమణి అడిగింది. బండితో పాటు బొమ్మ కూడా అన్నదే కదా అని ఆయన పూయలేదు. ఆ తర్వాత జరిగినదానికి మూలాలు వెతికితే ఈ బొమ్మ, ఆ క్యాన్లు, ఆ కొలత మొదట కనిపిస్తాయి. అయితే అసలు కారణం ముందు సీట్లో ఇద్దరి మధ్య కూర్చుని ఉంది.

దాని పేరు కొత్వాల్, అంటే పోలీసు పెద్ద. గోధుమరంగు వీధికుక్క. కొన్నేళ్ల కిందట యాకుత్‌పురా స్టేషను దగ్గర పాలబండి ఎక్కింది, మళ్లీ దిగిపోలేదు. బండితో పాటు వీధి వీధీ తిరిగి, పాల వ్యాపారంలోని లోపాలను గమనించి, తనకు తానే రెండు చట్టాలు చేసుకుంది. మొదటిది: బండి హారన్ మోగాక కూడా తలుపు తెరవని ఇల్లు ఉండకూడదు. హారన్ వినగానే కిటికీలోంచి దూకి, మూసి ఉన్న ప్రతి తలుపు ముందూ నిలబడి, తెరిచేదాకా మొరుగుతుంది. రెండోది: గిన్నె పట్టుకుని వరుసలో నిలబడిన మనిషి పాలు పోయించుకోకుండా వెళ్లకూడదు. ముచ్చట్లలో పడి పక్కకు జరిగేవాళ్లను, మరిచిపోయి ఇంటి దారి పట్టేవాళ్లను అది అడ్డగించి, మొరిగి, వెనక్కి తోలుకొస్తుంది. ఎవరినీ కరిచింది లేదు. కరుస్తుందేమో అన్న అనుమానం మాత్రం అందరిలో సజీవంగా ఉంచింది.

గురువారం ప్రయాణం సాఫీగా సాగింది. రాత్రి రాజమహేంద్రవరం దాటాక ఒక పెట్రోలు బంకు ఆవరణలో పడుకున్నారు. నాలుగు గంటలకు ఇద్దరికీ ఒకేసారి మెలకువ వచ్చింది. పితకడానికి ఏమీ లేదు.  రాజమణి లేచి చాయ్ పెట్టింది, బాలనర్సింహ బండి అద్దం తుడిచాడు, కొత్వాల్ బంకులో నిద్రపోతున్న కుర్రాళ్లను లేపింది. శుక్రవారం సాయంత్రానికి కొండ కిందికి చేరారు. ఘాటు రోడ్డు మొదట్లో ఒక చిన్న ఊరు. ఊరి చివర కొట్టంలో గేదెలు కట్టేసి ఉన్నాయి. వాటిని చూసి బాలనర్సింహ బండి అక్కడే ఆపాడు. 

శనివారం ఇంకా చీకటిగా ఉండగానే ఘాటు ఎక్కడం మొదలుపెట్టారు. మొదటి మలుపు దగ్గరే ఒక బోర్డు ఉంది: ప్రతి మలుపులోనూ విధిగా హారన్ మోగించవలెను. బాలనర్సింహ చట్టానికి లోబడి నడుచుకునే మనిషి. మోగించాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. ముప్పై ఏళ్లుగా ఛత్రినాక నుంచి యాకుత్‌పురా దాకా పాలు వచ్చాయని చెప్పే హారన్ అది. సీట్లో పడుకున్న కొత్వాల్ చెవులు నిక్కబొడిచింది. బయట చూసింది. చెట్లే తప్ప ఇళ్లు లేవు. తిరిగి పడుకుంది. రెండో మలుపులోనూ అంతే. అయిదారు మలుపులు తిరిగేసరికి అది కూర్చోలేక, నిలబడలేక, డ్యూటీ ఉండి స్థలం లేని ఉద్యోగిలా వణికిపోసాగింది.

"గట్ల కొట్టకయ్యా హారన్. కుక్క పరేషాన్ అయితున్నది," అంది రాజమణి.

"బోర్డు మీద కొట్టుమని రాసిన్రు గద."

"కొట్టుమన్నరు గని, పాలు తెచ్చినమని చెప్పుమన్నరా?"

"నా చెయ్యికి గదొక్కటే వస్తది. ఇంకో తీరు ఎవ్వలు నేర్పలే."

కొండ కొసకు దారి తీసే మెట్లు ఒక పెద్ద మలుపు దగ్గర మొదలవుతాయి. అక్కడ పది పన్నెండు పూరిళ్లు, వాటి ముందు పర్యాటకుల కోసం వేసిన టీ బడ్డీలు ఉన్నాయి. బాలనర్సింహ ఆ మలుపులో బండి నెమ్మది చేసి హారన్ మోగించాడు. కొత్వాల్‌కు ఇళ్లు కనిపించాయి. మూసి ఉన్న తలుపులు కనిపించాయి. కిటికీలోంచి దూకింది.

వరుసగా తలుపులు తెరుచుకున్నాయి. మొదట బయటికి వచ్చినది సన్యాసమ్మ అనే ముసలామె, ఆ చివరి టీ బడ్డీ ఆమెదే. ఆమె మొరుగుతున్న కుక్కను చూసింది, బండి మీది గేదె బొమ్మను చూసింది, లోపలికి వెళ్లి పెద్ద గిన్నె తెచ్చుకుని బండి ముందు నిలబడింది.

"పాలబండొచ్చీసినాదా బాబూ? రెండ్రోజులై సూత్తన్నాం. టీ పెట్టడానికి సుక్క నేదు."

మైదానం నుంచి వాళ్లకు పాలు తెచ్చే బండి దారిలో చెడిపోయిందట. శనివారం కాబట్టి పర్యాటకులు చాలామంది వస్తారు. పాలు లేకపోతే బడ్డీలు మూసుకోవలసిందే. ఇదంతా ఆమె చెబుతూ ఉండగా బాలనర్సింహ బండి దిగాడు. తమ దగ్గర పాలు లేవని, తాము తిరగడానికి వచ్చిన మనుషులమని ఒక్క మాట చెప్పి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. కాని ఆ మాట ఆయన నోటికి రాదు. ఆయన తల్లి పెట్టిన కట్టడి అది: తెల్లవారి మొదట చాచిన గిన్నె బోణీ, బోణీ గిన్నె నిండకముందు పాలవాడి నోట 'లేవు' అన్న మాట రాకూడదు, వస్తే ఆ ఇంట పాడి నిలవదు. గేదె తన్నిన రోజూ, కాలనీలో నీళ్లు నిలిచిన రోజూ, గ్రహణం రోజూ ఆయన ఆ మాట అనలేదు.

"ఆగమ్మా. వస్తున్నయ్," అన్నాడు.

రాజమణి బండి దిగి ఆయనను పక్కకు పిలిచింది.

"ఏం వస్తున్నయ్? ఎక్కడికెల్లి వస్తున్నయ్?"

"బోణీ గిన్నె అది. లేవంటే ఎట్ల?"

"బర్రెలే లేనోనికి బోణీ ఏందయ్యా? మనం తిరగనీకె వచ్చినం. ఈ ఒక్క పొద్దుగాల కోసం రెండు దినాలు కూసున్న బండ్ల."

"హారన్ కొట్టిన. తలుపు తీసింది. గిన్నె పట్టింది. నేను బండి దిగిన. గింత అయినంక గది బోణీ గాక ఇంకేంది?"

రాజమణి ఆలోచించింది. అత్తగారి కట్టడి ఛత్రినాకకే వర్తిస్తుందని ఎక్కడా లేదు. గేదెలు అమ్మేశాక రద్దవుతుందనీ లేదు. ఆవిడ బతికి ఉంటే అడగవచ్చు. వాదనలో లోపం ఉన్నట్టు అనిపించింది కాని, ఎక్కడుందో వేలు పెట్టి చూపలేకపోయింది. ఇంతలో సన్యాసమ్మ వెనక మిగతా బడ్డీలవాళ్లు కూడా గిన్నెలతో వచ్చి నిలబడ్డారు.

కింది ఊళ్లో గేదెలు ఉన్నాయి కదా, గిట్ల పోయి గట్ల వద్దామన్నాడు బాలనర్సింహ. ఇంకా చీకటే, పొద్దు పొడవడానికి బోలెడు టైమున్నది, ఫికర్ చేయకు అన్నాడు. క్యాన్లలోని తాగునీళ్లు రోడ్డు పక్క ఒలకబోశాడు. కొత్వాల్‌ను పిలిస్తే రాలేదు. వరుస ఏర్పడ్డాక వరుసను వదిలి రావడం దాని వల్ల కాదు. బండి దాన్ని అక్కడే వదిలి కిందికి దిగింది.

కొట్టం ఆసామి నిద్రమొహంతో బయటికి వచ్చాడు. పాలు అమ్మడానికి అభ్యంతరం లేదు కాని, గేదె తన భార్యకు తప్ప ఎవరికీ పాలు చేపదని, ఆమె పుట్టింటికి వెళ్లి రెండు రోజులైందని, తాను దగ్గరికి పోతే తంతోందని మోకాలి మీది కమిలిన చోటు చూపించాడు. బాలనర్సింహ మోకాళ్లు కూర్చోవడానికి వంగవు. ఇద్దరు మగవాళ్లూ రాజమణి వైపు చూశారు.

గేదెలు పోయిన తర్వాత మళ్లీ పొదుగు ముట్టబోనని ఆమె అనుకుని ఎన్నో రోజులు కాలేదు. చీర కుచ్చెళ్లు దోపి కూర్చుంది. ముందు దూడను వదిలింది, తర్వాత పక్కకు కట్టించింది, నీళ్లతో పొదుగు కడిగింది. గేదె వెనక్కి తిరిగి చూసింది. ఈ కొత్త మనిషి భాష వేరుగా ఉంది కాని చేతులు పరిచయమైనవే అనుకున్నదో ఏమో, కాలు కదపలేదు. పాల ధార పాత్రకు తగిలి మోగింది. ఆ మోత విని పక్కింటివాళ్లు లేచి వచ్చారు. తమ దగ్గరా ఒక తన్నే గేదె ఉందన్నారు. ఆ పక్కవాళ్ల దగ్గర ఈనిన కొత్తలో ఎవరినీ దగ్గరికి రానివ్వనిది ఒకటి ఉందట. రాజమణి ఒకదాని నుంచి ఇంకోదానికి జరిగింది. ఆమెకు కోపం మనసులో ఉంది. చేతులకు అది చేరలేదు. మూడో గేదె దగ్గర తల ఎత్తి చూస్తే తూర్పున ఆకాశం బూడిద రంగుకు తిరిగింది.

"నడువయ్యా," అంది ఆమె, క్యాను మూత బిగిస్తూ. "పొద్దు పొడిచినంక మబ్బులు ఉండయట."

తిరిగి పైకి చేరేసరికి వరుస మలుపు దాటి కిందికి దిగింది. బండి దాని తోక దగ్గరే ఆగవలసి వచ్చింది. పదిమంది బడ్డీలవాళ్లతో మొదలైన వరుస అది. తర్వాత వచ్చిన పర్యాటకులు ఇంత చలిలో ఇందరు ఊరికే నిలబడరు కదా అనుకుని వాళ్ల వెనక నిలబడ్డారు. దేనికి నిలబడ్డారో ముందున్నవాళ్లను అడిగారు, ముందున్నవాళ్లు వాళ్ల ముందున్నవాళ్లను అడిగారు. కొండ ఎక్కడానికి చీట్లు ఇస్తారని ఒకచోట అన్నారు. పైన అమ్మవారి గుడి ఉందని ఇంకోచోట అన్నారు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక కుటుంబం అప్పటికే చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది. గిన్నె కావాలన్న మాట మాత్రం నిజంగానే వరుస పొడవునా పాకింది, అందుచేత అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంది: ఫ్లాస్కు, నీళ్ల సీసా, టిఫిను డబ్బా మూత, ఒకావిడ చేతిలో చంటిపిల్ల పాలసీసా. అడ్డంగా ఆగిన జీపులు అటు పోలేక ఇటు రాలేక లొల్లి చేస్తున్నాయి. అనుమానం వచ్చి పైకి వెళ్లిపోదామనుకున్నవాళ్లు లేకపోలేదు. వాళ్లను కొత్వాల్ వెనక్కి తెచ్చింది. వరుస పక్కనే ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తూ, చేతిలో పాత్ర ఉన్న ప్రతివాడినీ కనిపెట్టి ఉంది.

ఆ దృశ్యం చూసి బాలనర్సింహ ముఖం వెలిగిపోయింది. గేదెలు పోయిన నాటి నుంచీ ఆయన ముఖంలో అంతటి వెలుగును రాజమణి చూడలేదు. ఆయన కొక్కెం నుంచి కొలత తీశాడు. పై కొస నుంచి నడిచి వచ్చిన సన్యాసమ్మ గిన్నె ముందు నింపి, కొలతను కళ్లకు అద్దుకున్నాడు.

"అయిపోయింది గద బోణీ. ఇగ పోదాం పా," అంది రాజమణి.

"గింత మందిని ఇడిసిపెట్టి యాడికి పోతవే?"

"పైకి."

ఆయన వినిపించుకోలేదు. వినిపించుకున్నా చేయగలిగింది లేదు. బండి ముందూ వెనకా మనుషులే. మోకాళ్లతో ఆయన మెట్లు ఎక్కలేడు. ఆయనను ఇంత గుంపులో ఒంటరిగా వదిలి ఆమె వెళ్లలేదు. పాలు పోసేచోట గిన్నెలు అందుకోవడానికి రెండో మనిషి కావాలి, ఛత్రినాకలో ఇంటి ముందు ముప్పై ఏళ్లుగా ఆ రెండో మనిషి ఆమే. గిన్నెలు అందుకుంది. ఒక్కొక్క గిన్నెకూ ఆకాశం కొంచెం తెల్లబడింది. ఇంకో సంవత్సరం అనుకోవడానికి కూడా లేదు, బండి సోమవారం పోతుంది. రెండు రోజులు ప్రయాణం చేసి, కొండ కొస కనిపించేంత దగ్గరికి వచ్చి, తాను మళ్లీ పాలే పోస్తోందని ఆమెకు అర్థమైంది. ఏడుపు రాలేదు. ఇది ఎక్కడ మొదలైందని వెనక్కి లెక్క చూసుకుంది. ఆ గేదె బొమ్మ మీద సున్నం పూసి ఉంటే సరిపోయేది.

సరిగ్గా అప్పుడే ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక యువకుడు, చేతిలో స్టీలు ఫ్లాస్కుతో, వరుస నుంచి మెల్లగా పక్కకు తప్పుకున్నాడు. నాలుగు అడుగులు మామూలుగా నడిచి, తర్వాత మెట్ల మీద పరుగు లంకించుకున్నాడు. కొత్వాల్ చూసింది. చేతిలో పాత్ర, పాత్రలో పాలు లేవు. అది మొరగడం కూడా మానేసి వెంటపడింది.

రాజమణికి ఒకే ఒక ఆలోచన వచ్చింది: ఊరు కాని ఊళ్లో కుక్క కరిస్తే ఏం చెప్పుకోవాలి? చేతిలోని గిన్నెను పక్కనున్న సన్యాసమ్మ చేతిలో పెట్టి తానూ మెట్ల వైపు పరుగెత్తింది. పిలిస్తే కొత్వాల్ ఆగలేదు. డ్యూటీలో ఉండగా అది ఎవరి మాటా వినదు. మెట్లు ముగిసి రాళ్లు వచ్చాయి. రాళ్లు ముగిసి గడ్డి వచ్చింది. రొప్పుతూ, ఆగుతూ, కుక్కను తిడుతూ ఆమె పైకి ఎక్కింది. ఎక్కుతున్నానన్న స్పృహ ఆమెకు లేదు.

కొసన ఒక పెద్ద బండ. బండ మీద యువకుడు ఫ్లాస్కును గుండెలకు అదుముకుని నిలబడి ఉన్నాడు. అతని ముందు కొత్వాల్, కదిలితే మొరగడానికి సిద్ధంగా. అక్కడ ఇంకెవరూ లేరు. మిగతావాళ్లంతా కింద వరుసలో ఉన్నారు.

"అమ్మా, నాకు పాలు వద్దమ్మా. సూర్యోదయం చూద్దామని వచ్చాను. ఊరికే వరుసలో నిలబడ్డాను. మీ కుక్కకు కాస్త చెప్పండి."

రాజమణి అతనికి జవాబు చెప్పబోయి, అతని భుజం మీదుగా అవతలికి చూసింది.

లోయ లేదు. దాని స్థానంలో తెల్లగా, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా, మబ్బు పరుచుకుని ఉంది. దాన్ని చీల్చుకుని అక్కడక్కడ కొండల తలలు మాత్రం బయటికి వచ్చాయి. నిలిచి ఉందనే అనుకుంది మొదట. దూరాన ఒక గుట్ట మీద చూపు నిలిపి చూస్తే, మబ్బు దాని నడుము దాటి, అవతలి వాలులోకి మెల్లగా దిగిపోతోంది. అంటే నిలిచీ ఉంది, పారుతూనూ ఉంది. అంచున కొంత తెగి బండ దాకా పాకింది. రాజమణి వంగి అందులో చెయ్యి పెట్టింది. పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు, తీసి చూస్తే అరచెయ్యి తడిగా ఉంది. తాను అడగాలని కూడా అనుకోని సంగతి ఇంకొకటి తెలిసింది. అంత పెద్దది అంత దూరం కదులుతున్నా, చప్పుడు లేదు. తూర్పు అంచున ఎరుపు పాకింది. ఆ ఎరుపు మబ్బు మీదికి దిగింది.

"అమ్మా... కుక్క..."

"ఆగు బిడ్డా," అంది ఆమె, అటు తిరగకుండా. "జర ఆగు."

అతన్ని కాపాడటానికి వచ్చిన మనిషి అతన్ని అలాగే కుక్క కాపలాలో ఉంచి, పొద్దు పూర్తిగా పొడిచేదాకా చూసింది. యువకుడు కదలడానికి వీల్లేక తానూ అటే చూశాడు. కొత్వాల్ ఒక్కటే యువకుణ్ణి చూస్తూ కూర్చుంది. ఎండ గట్టిపడి మబ్బు పలుచబడి, కింద పొలాలు కనిపించడం మొదలయ్యాక రాజమణి వెనక్కి తిరిగింది. పాలు పోయించుకుంటే గాని కుక్క వదలదని, అది దాని పద్ధతి అని, కిందికి నడువమని యువకుడికి నెమ్మదిగా నచ్చజెప్పింది. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు దిగారు, కుక్క అందరికంటే వెనక.

కింద వరుస అయిపోవచ్చింది. బాలనర్సింహ చివరి పాలు ఫ్లాస్కులో పోశాడు. కొత్వాల్ అది చూసి, యువకుడి మీద ఆసక్తి కోల్పోయి, బండి నీడలో పడుకుంది. సన్యాసమ్మ బడ్డీ ముందు జనం టీ తాగుతూ, తెల్లవారి ఇంత దూరం వచ్చి ఏమీ చూడలేకపోయామని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

"యాడికి పోయినవే? గిన్నెలందుకుంటందుకు మనిషి లేక మస్తు తిప్పలైంది," అన్నాడు బాలనర్సింహ.

"పైకి పోయిన."

ఆయన అప్పుడు గుర్తు తెచ్చుకుని తల ఎత్తి చూశాడు. ఆకాశం శుభ్రంగా ఉంది. లోయ శుభ్రంగా ఉంది. 

"మబ్బులేవి?"

"పోయినయ్."

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"నేను చెప్పినట్టే ఉన్నయా?"

రాజమణి తడిసిన అరచేతిని చీర కొంగుకు తుడుచుకుంది. ముప్పై ఏళ్లలో ఆయనకు తెలియని సంగతి తనకు తెలిసిన సందర్భాలు ఉన్నాయి కాని, ఆయన అడుగుతుండగా తెలిసినది ఇదే మొదటిసారి.

"లేవు," అంది.

"మరెట్లున్నయ్?"

"చూస్తె తెలుస్తది."

ఆయన ఇంకోసారి పైకి చూసి, మోకాళ్లు నిమురుకుని, క్యాన్లు కడగడానికి నీళ్లు ఎక్కడ దొరుకుతాయని సన్యాసమ్మను అడిగాడు.

ఆదివారం రాత్రికి ఛత్రినాక చేరారు. సోమవారం పొద్దున సోమయ్య వచ్చి బండి తీసుకుపోయాడు. ఇది జరిగి నాలుగేళ్లయింది. మబ్బులను పై నుంచి చూడటం బాలనర్సింహకు ఇప్పటికీ కుదరలేదు; అవి ఎలా ఉంటాయని ఛత్రినాకలో ఎవరైనా అడిగితే వివరంగా చెప్పేది మాత్రం ఆయనే.